వే బిల్లుకు అందని మన్యం సరకు
రాష్ట్రం దాటే లారీల లెక్కలో తిరకాసు

కొయ్యూరు: ఈ ప్రాంతపు చింతపండు, జీడిగింజలు, మిరియాలు, కాఫీ గింజలు, అడ్డాకు విస్తళ్లు కొండ దిగి నర్సీపట్నం వైపు వస్తాయి. చిన్న బండ్ల నుంచి లారీలకు మారి, కొంత సరకు పొరుగు రాష్ట్రాలకు ఎగుమతి అవుతుంది. ఆ ఎగుమతి ఎంతో తేల్చడం పైకి కనిపించినంత సులువు కాదు.

లోగడ తమిళనాడు వైపు తడ వద్ద, ఒడిశా వైపు ఇచ్ఛాపురం వద్ద వాణిజ్య పన్నుల చెక్‌పోస్టుల్లో లారీలు ఆగి బిల్లులు చూపేవి. 2017 జూలై 1న జీఎస్టీ రావడంతో ఆ పద్ధతి పోయింది. 2018 ఏప్రిల్ 1 నుంచి, విలువ 50,000 రూపాయలు మించిన సరకు రాష్ట్రం దాటాలంటే ఈ-వే బిల్లు తప్పనిసరి అయింది. సరకు విలువ, దూరం, లారీ నంబరు అందులో ఉంటాయి. రవాణా పెరిగిందీ తగ్గిందీ చెప్పడానికి నేడు ఎక్కువగా ఈ బిల్లుల సంఖ్యనే చూస్తున్నారు.

అయితే పన్ను లేని సరకుకు సాధారణంగా ఈ బిల్లు అక్కరలేదు. వేయించని కాఫీ గింజలకు జీఎస్టీ లేదు. ఎండు చింతపండుపైన, ఆకు విస్తళ్లపైన ఉన్న 5 శాతం 2019 అక్టోబరు 1 నుంచి రద్దయింది. మిరియాలు, జీడిగింజలు, ఎండు పసుపు మాత్రం 5 శాతం కిందే ఉన్నాయి. కనుక పక్కపక్కనే బయలుదేరిన రెండు లారీల్లో మిరియాల లారీ లెక్కకెక్కుతుంది. చింతపండు లారీ ఎక్కదు.

బిల్లు ఉన్నా చిక్కు తీరదు. ఒకే లారీలో నలుగురి సరకు ఉంటే నాలుగు బిల్లులు కావచ్చు. ధర పెరిగితే బస్తాలు పెరగకుండానే బిల్లుల విలువ పెరుగుతుంది. అందుకే రవాణాకు అసలు కొలత టన్ను కిలోమీటరు. ఉదాహరణకు 16 టన్నులు 700 కిలోమీటర్లు వెళితే 11,200 టన్ను కిలోమీటర్లు. విస్తళ్లకు ఇదీ పూర్తిగా సరిపోదు. మూడు ఇరుసుల లారీకి సరకుతో కలిపి 28.5 టన్నుల వరకు 2018లో అనుమతి వచ్చినా, విస్తళ్ల లారీ తూకం నిండకముందే నిండిపోతుంది. కిరాయి మాత్రం పూర్తి లారీకే.

వేసవిలో చింతపండు ఎగుమతి ముమ్మరమైనా బిల్లుల లెక్క మందకొడిగా ఉండవచ్చు. ఆ లెక్క చూసి లారీలకు గిరాకీ లేదనుకుని కిరాయి మాట్లాడుకున్న వర్తకుడు నష్టపోతాడు. కాటా చీటీ, సరకు బిల్లు, లారీ రసీదు లారీవారీగా దాచుకుంటే సీజను గిరాకీ అంచనాకు అవే ఆధారం. ఈ-వే బిల్లు లేని సరకుకు దారిలో తనిఖీ జరిగినా చూపవలసినవి ఆ కాగితాలే.