మనసుకు తగిలిన దెబ్బ గుండె దాకా

1994 జనవరి 17, తెల్లవారుజామున నాలుగున్నర. లాస్ ఏంజెలెస్ నిద్రలో ఉండగా నార్త్‌రిడ్జ్ భూకంపం వచ్చింది. శిథిలాల కింద నలిగి పోయినవాళ్లు కాక, ఆ ఒక్కరోజే గుండె హఠాత్తుగా ఆగి 24 మంది చనిపోయారు. అంతకుముందు వారంలో అలాంటి మరణాలు రోజుకు సగటున ఐదు కూడా లేవు. ఆ 24 మందిలో ఒళ్లు అలిసే పని చేసి పోయినవాళ్లు ముగ్గురే. లోపల దాగి ఉన్న గుండె జబ్బును భయం ఒక్కసారిగా రేపింది.

దిగులుతో, కోపంతో, భయంతో ఛాతీ నొప్పి అంటే మనం 'టెన్షన్ అంతే, పడుకో' అనేస్తాం. ఆ మాట ప్రాణం మీదికి తేవచ్చు. మనసు పడే కష్టం గుండెకు నిజమైన దెబ్బే.

మెదడు నుంచి కబురు

ప్రమాదాన్ని మెదడులోని అమిగ్దలా పసిగట్టగానే హైపోథాలమస్‌కు కబురు వెళ్తుంది. సింపథెటిక్ నాడులు గుండె వేగాన్ని పెంచుతాయి. మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి. బీపీ పెరుగుతుంది, రక్తం త్వరగా గడ్డకట్టే స్థితికి వస్తుంది. ప్రమాదం తప్పాక వేగస్ నాడి గుండెను నెమ్మదింపజేస్తుంది.

పాము ఎదురైతే ఈ ఏర్పాటే మనల్ని కాపాడుతుంది. తీరని అప్పు, ఊడేలా ఉన్న ఉద్యోగం, ఇంట్లో రోజూ గొడవ ఉంటే మాత్రం గుండెకు నెమ్మదించే వేళే దొరకదు. హార్వర్డ్ పరిశోధకులు 293 మందిని స్కాన్ చేసి 2017లో లాన్సెట్‌లో ఫలితాలు ప్రచురించారు. అమిగ్దలా ఎక్కువ చురుగ్గా ఉన్నవారిలో ఎముక మజ్జ చురుకుదనం, ధమనుల్లో వాపు ఎక్కువగా కనిపించాయి. తర్వాతి ఏళ్లలో గుండెపోటు, పక్షవాతం వంటివీ వారికే ఎక్కువగా వచ్చాయి. కేరళలో పుట్టిన డాక్టర్ సలీం యూసఫ్ నాయకత్వంలో 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం 2004లోనే పొగ, బీపీ, షుగర్‌ల సరసన మానసిక ఒత్తిడినీ గుండెపోటు కారణాల్లో చేర్చింది.

పూడిక లేని 'గుండెపోటు'

1990లో హిరోషిమా వైద్యుడు హికారు సాటో బృందం ఒక వింత జబ్బును వివరించింది. ఛాతీ నొప్పి, ఆయాసం, ఈసీజీలో మార్పులు, అన్నీ గుండెపోటులాగే ఉంటాయి. యాంజియోగ్రామ్‌లో మాత్రం ఆ స్థితికి కారణమయ్యే పూడిక కనిపించదు. ఎడమ జఠరిక కొన మొద్దుబారి, ఆక్టోపస్‌లను పట్టే జపాన్ కుండలా ఉబ్బుతుంది. అందుకే దీనికి టకోత్సుబో అని పేరు. బాధితుల్లో దాదాపు 90 శాతం స్త్రీలే, అందులోనూ ముట్లుడిగినవారే ఎక్కువ. ఆప్తుల మరణం, ప్రమాదం, పెద్ద తగాదా దీనికి దారితీస్తాయి. అరుదుగా పట్టరాని సంతోషం కూడా. ఒత్తిడి హార్మోన్లు ఒక్కసారిగా ఉప్పొంగి గుండె కండరాన్ని దెబ్బతీయడమే ప్రధాన కారణమని వైద్యులు భావిస్తున్నారు. చాలామంది వారాల్లో కోలుకుంటారు. మొదటి రోజుల్లో మాత్రం ప్రాణాపాయం ఉంటుంది.

చావు ఇంట్లో మందుబిళ్ల

దగ్గరివారు పోయిన మొదటి 24 గంటల్లో గుండెపోటు ముప్పు మామూలుకన్నా 21 రెట్లు ఉంటుందని 2012లో ఒక అమెరికన్ అధ్యయనం తేల్చింది. ఆ రోజు మన ఇళ్లలో ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. పొయ్యి వెలగదు, నిద్ర ఉండదు, బీపీ బిళ్ల ఎవరికీ గుర్తు రాదు. భర్త పోయిన ఆమె గుండె పట్టుకుని కూలబడితే దుఃఖమే అనుకుంటారు.

అది గుండెపోటో, టకోత్సుబోనో, గ్యాసో ఇంట్లో ఎవరూ తేల్చలేరు. ఈసీజీ, రక్తంలో ట్రోపోనిన్ పరీక్ష, అవసరమైతే యాంజియోగ్రామ్ చెప్పాలి. ఛాతీలో బరువు, ఆయాసం, చెమటలు ఉంటే 108కి ఫోన్ చేయండి. ఆస్పత్రిలో, ఇంట్లో జరిగింది దాచకుండా చెప్పండి. వైద్యులూ షుగర్ ఎంత అని అడిగినట్టే, ఈ మధ్య ఏం కష్టం వచ్చిందని అడగాలి.

చావు ఇంటికి పరామర్శకు వెళ్లే బంధువుల్లో ఒక్కరైనా ఆ ఇంటి పెద్దల మందుల బాధ్యత తీసుకోవాలి. వేళకు బిళ్ల వేయించి, రెండు ముద్దలు తినిపించి, రాత్రి పక్కన ఉండటం కన్నా మేలైన ఓదార్పు లేదు.