రాయకుండా వదిలేసిన జవాబు

కొన్నేళ్ల క్రితం మా తుర్కయాంజాల్ సంఘంలో పదో తరగతి చదివే ఓ అమ్మాయి జీవశాస్త్రం పరీక్షలో ఒక ప్రశ్నకు జవాబు రాయకుండా వచ్చేసింది. తెలియక కాదు. అది జీవపరిణామం మీద ప్రశ్న. ‘‘అది రాస్తే దేవుణ్ణి కాదన్నట్టే కదా అంకుల్?’’ అని ఆదివారం ఆరాధన అయ్యాక మమ్మల్ని అడిగింది. మాకు నోట మాట రాలేదు. డార్విన్ పాఠం సాతాను అల్లిన అబద్ధమని సండే స్కూల్లో ఆ పిల్లకు చెప్పింది మేమే. డార్విన్ పుస్తకం సంగతి అలా ఉంచండి, ఆ పదో తరగతి పాఠమైనా పూర్తిగా చదవకుండానే చెప్పాం.

ఆ తర్వాత చదివాం. చార్లెస్ డార్విన్ కేంబ్రిడ్జికి వెళ్లింది పాదిరీ కావాలనే. ఆయన ‘జాతుల పుట్టుక’ 1859లో వెలువడింది. మనిషి కోతికి పుట్టాడా అని ప్రసంగాల్లో నవ్విస్తాం గానీ ఆ సిద్ధాంతం చెప్పేది అది కాదు. మనకూ నేటి కోతులకూ ఎంతో వెనుకకు పోతే ఒకే పూర్వీకులున్నారంటుంది. డార్విన్ విశ్వాసం క్రమంగా సన్నగిల్లిన మాట నిజమే, దాన్ని దాచనక్కర్లేదు. 1851లో పదేళ్ల కూతురు ఆనీ కన్నుమూసిన దుఃఖాన్ని ఆయన ఎన్నడూ మరువలేదు. బిడ్డను పోగొట్టుకున్న తండ్రిని మనం వేదిక మీద నిలబెట్టి ఎగతాళి చేశామే అని మాకు సిగ్గేసింది. అదే పుస్తకాన్ని అమెరికాలో గట్టిగా సమర్థించిన వృక్షశాస్త్రజ్ఞుడు ఆసా గ్రే నిష్ఠగల క్రైస్తవుడు. మన కాలంలో మానవ జన్యుపటం ప్రాజెక్టుకు సారథ్యం వహించిన ఫ్రాన్సిస్ కాలిన్స్ కూడా క్రీస్తు విశ్వాసే, పరిణామాన్ని ఒప్పుకున్నవాడే.

మరి భూమి వయసు ఆరు వేల ఏళ్లేనన్న లెక్క ఎక్కడిది? బైబిల్లో ఆ అంకె ఎక్కడా లేదు. వంశావళులను కూడి సృష్టి క్రీ.పూ. 4004లో జరిగిందని 1650లో ప్రకటించినవాడు ఐర్లండ్ ఆర్చిబిషప్ జేమ్స్ అషర్. తర్వాత ఇంగ్లిషు బైబిళ్ల అంచుల్లో ఆ సంవత్సరాన్ని అచ్చు వేశారు. అంచున ఉన్నది కాలక్రమేణా వాక్యమే అన్నంత గౌరవం పొందింది. 1925లో అమెరికాలోని డేటన్ పట్టణంలో పరిణామం బోధించినందుకు జాన్ స్కోప్స్ అనే ఉపాధ్యాయునికి 100 డాలర్ల జరిమానా వేశారు. అప్పుడు బైబిలు పక్షాన నిలిచిన విలియం జెన్నింగ్స్ బ్రయాన్ సైతం, సృష్టి దినాలు 24 గంటలవే కానక్కర్లేదని బోనులో ఒప్పుకున్నాడు. అంతకు పదిహేను వందల ఏళ్ల ముందే అగస్టీన్ ఈ దినాల గురించి తలపట్టుకున్నాడు. వెలుగు మొదటి దినాన, సూర్యుడు నాలుగో దినాన. సూర్యుడు లేని ఉదయ సాయంకాలాలు ఎలాంటివి? డార్విన్‌కు జడిసి వేసిన ప్రశ్న కాదది, ఆదికాండాన్ని భక్తితో చదివినవాడి ప్రశ్న.

మా ఊరి చుట్టూ గ్రానైట్ గుట్టలున్నాయి. హైదరాబాద్ పరిసరాల్లోని ఈ రాళ్ల వయసు దాదాపు 250 కోట్ల సంవత్సరాలని భూగర్భ శాస్త్రజ్ఞుల లెక్క. రాతిలోని జిర్కాన్ అనే సన్నటి రేణువుల్లో యురేనియం మెల్లమెల్లగా, తెలిసిన వేగంతో సీసంగా మారుతుంది. ఎంత మారిందో కొలిస్తే వయసు తెలుస్తుంది. మసాబ్ చెరువు దారిలో రోజూ చూసే రాయి ఇంత పాతదని తెలిశాక, కీర్తనకారుడు కొండలు పుట్టకముందే ఉన్న దేవుని గూర్చి పాడింది మాకు చిన్నదిగా అనిపించలేదు. ఇంకా పెద్దదైంది.

‘‘అది ఉత్త సిద్ధాంతమే కదా’’ అనే వాదనొకటి మనలో బాగా చెల్లుతుంది. తెలుగులో ఇదో తమాషా. త్రిత్వ సిద్ధాంతం, రక్షణ సిద్ధాంతం అన్నప్పుడు మాత్రం ఆ మాటకు మనం స్థిరమైన సత్యమని అర్థం చెప్పుకుంటాం! శాస్త్రంలోనైనా సిద్ధాంతమంటే గాలి కబురు కాదు, ఎన్నో సాక్ష్యాలను కలిపి వివరించేది. అయితే శాస్త్రం పేరు చెప్పి దేవుడే లేడని తీర్పు చెప్పేవారూ తమ హద్దు దాటుతున్నారు. ఏ సూక్ష్మదర్శినీ ఆ తీర్పు ఇవ్వలేదు.

2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలో పరిణామం భాగాన్ని తీసేసినప్పుడు 1800 మందికి పైగా శాస్త్రజ్ఞులు, ఉపాధ్యాయులు బహిరంగ లేఖపై సంతకాలు చేశారు. మన సంఘాల్లో కొందరు మాత్రం సంతోషించారు. పాఠం లేకపోతే ప్రశ్న ఉండదనుకున్నారేమో. ఆ పిల్ల ప్రశ్న పుస్తకంలోంచి వచ్చింది కాదు, భయంలోంచి వచ్చింది.

మొన్న సండే స్కూలు పిల్లల్ని హైదరాబాద్‌లోని బిర్లా సైన్స్ మ్యూజియానికి తీసుకెళ్లాం. అక్కడ కోటాసారస్ అస్థిపంజరం ఉంది. అది మన పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికింది. దాదాపు 840 ఎముకలు, కనీసం 12 జంతువులవి. 1988లో పి. యాదగిరి దానికి పేరు పెట్టారు. ‘‘ఇది నోవహు ఓడలో పట్టిందా?’’ అని ఓ బుడతడు అడిగాడు. జవాబు కోసం పిల్లలంతా మా వైపు తిరిగారు. ఇది మనుషులు రాకమునుపే, కోట్ల ఏళ్ల క్రితమే బతికి పోయిందని చెప్పాం. అప్పుడు దీన్ని చూసిందెవరని వాడు మళ్లీ అడిగాడు. ‘‘దేవుడు చూశాడు’’ అంది జవాబు వదిలేసి వచ్చిన ఆ అమ్మాయి. ఇప్పుడు తనే ఆ తరగతికి టీచర్.

మా సంఘ పెద్దల్లో ఒకాయన మాత్రం ఆరు దినాలంటే ఆరు దినాలే అంటారు, మాతో ఇప్పటికీ వాదిస్తారు. ఆ రోజు వ్యాను కిరాయి ఇచ్చింది ఆయనే.