పిల్లల వెన్నునొప్పి: దోషం సంచిదేనా?

అరబ్బీలో 'మఫ్రఖ్' అనగా దారులు చీలే చోటు. అబూధాబీ శివార్లలోని ఆ ప్రాంతం పేరు మీదనే అక్కడి ఆసుపత్రి పేరొందింది. 2019లో దాని సేవలు షేక్ షఖ్‌బూత్ వైద్యనగరికి తరలాయి. పిల్లవాడు "నడుము నొప్పిగా ఉందమ్మా" అన్నప్పుడు తల్లిదండ్రులు నిలిచేదీ అటువంటి కూడలిలోనే. బడిసంచిని తప్పుపట్టాలా, వైద్యుని దగ్గరకు తీసుకుపోవాలా?

సంచిపై అభియోగం పాతదే. తెలంగాణ ప్రభుత్వం 2017లో ఒకటి, రెండు తరగతులకు 1.5 కిలోలు, పదవ తరగతికి 5 కిలోలు మించరాదని ఉత్తర్వు ఇచ్చింది. భారత ప్రభుత్వ విధానం 2020లో శరీర బరువులో 10 శాతాన్ని హద్దుగా నిర్ణయించింది. అయితే 69 అధ్యయనాలను పరిశీలించి 2018లో బ్రిటిష్ క్రీడావైద్య పత్రికలో వెలువడిన సమీక్షకు, సంచి బరువే వెన్నునొప్పికి కారణమనే గట్టి ఆధారం లభించలేదు. సంచి తేలికగా ఉండటం మంచిదే. కాని సంచి మార్చినంతనే విచారణ ముగిసిందనుకోరాదు.

వెన్నుపూసల నడుమనున్న డిస్కు నిర్మాణం రసాయనశాస్త్రరీత్యా ముచ్చటైనది. దాని మధ్యభాగంలోని ప్రోటియోగ్లైకాన్ అణువులు సల్ఫేటు, కార్బాక్సిలేటు సమూహాల వల్ల రుణావేశం కలిగి ఉంటాయి. ఆ ఆవేశం సోడియం అయాన్లను పట్టి ఉంచగా, వాటి వెంట నీరు వచ్చి చేరుతుంది. బాల్యంలో ఆ భాగం బరువులో సుమారు 80 శాతం నీరే! ఇంత నీరు నిండిన డిస్కు ఒత్తిడిని బాగా తట్టుకుంటుంది. కనుకనే పెద్దలలోవలె డిస్కు జారడం పిల్లలలో అరుదు. ఇంకా ఎదుగుతున్న ఎముకే ముందు దెబ్బతింటుంది. పదేపదే నడుమును వెనుకకు విరిచి మెలితిప్పే ఆటలలో, ముఖ్యంగా క్రికెట్ ఫాస్ట్ బౌలింగులో, జిమ్నాస్టిక్సులో, ఐదవ నడుముపూస వెనుకభాగాన సన్నని పగులు ఏర్పడవచ్చు. 2019లో జస్‌ప్రీత్ బుమ్రాను ఆటకు దూరం చేసినది నడుమున ఏర్పడిన ఒత్తిడి పగులే. దీనికి మొదటి మందు విశ్రాంతి. అదీ ఒక వారం కాదు, నెలల తరబడి బంతి ముట్టకుండా. పదమూడేళ్ళ బౌలరును ఒప్పించడం వైద్యం కంటె కష్టం!

అత్యధిక సందర్భాలలో ఏ వ్యాధీ బయటపడదు. నడక, ఆటపాటలు మానకుండానే కొద్ది వారాలలో నొప్పి తగ్గుతుంది. మంచం పట్టించడం మేలు చేయదు.

నిద్ర నుండి లేపే నొప్పి, జ్వరం, బరువు తగ్గడం, కాళ్ళలో నీరసం, మలమూత్రాలపై పట్టు తప్పడం కనిపిస్తే మాత్రం సంగతి వేరు. అయిదేళ్ళలోపు బిడ్డ వెన్ను నొప్పి అన్నా, నొప్పి నాలుగు వారాలు దాటినా పరీక్ష అవసరం. గడ్డలు, ఎముకకు సోకే చీము, 1779లో పెర్సివాల్ పాట్ వర్ణించిన వెన్నుపూస క్షయ ఇలాగే మొదలవుతాయి. గల్ఫు కుటుంబాలలో తరచు వినిపించే మాట, "సెలవులకు ఊరు వెళ్ళినపుడు చూపిద్దాం" అని. సెలవులు జూలైలో. కాళ్ళు బలహీనపడుతున్న బిడ్డకు అంత గడువు ఉండదు. ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.