మిర్చి వర్తకుల కంప్యూటర్ పద్దులకు కాపలా కరువు

గుంటూరు: యార్డులో టిక్కీలకు కాపలా ఉంది. శీతల గిడ్డంగికి తాళం, సరుకుకు బీమా ఉన్నాయి. ఏ రైతుకు ఎంత బాకీ, ఏ పార్టీ నుంచి ఎంత రావాలి అన్న లెక్కంతా దాచుకున్న కంప్యూటర్‌కు మాత్రం గుమాస్తా పేరే పాస్‌వర్డ్‌గా నడుస్తున్న కమీషన్ కొట్లు లేకపోలేదు.

వర్తకులు ముఖ్యంగా జాగ్రత్త పడవలసినది ఖాతా మార్పు మోసం విషయంలో. దొంగలు ఒక పార్టీ ఈమెయిల్‌లో చొరబడి, ఉత్తర ప్రత్యుత్తరాలు చదువుతూ, బిల్లు తయారయ్యేదాకా కాచుకుని ఉంటారు. ఆపైన ఒక్క అక్షరం తేడాతో ఉన్న చిరునామా నుంచి "మా బ్యాంకు ఖాతా మారింది, ఇందులో జమ చేయండి" అని లేఖ వస్తుంది. కొన్నవారు చెల్లించామంటారు, అమ్మినవారికి ముట్టదు. రైతుకు డబ్బు చెల్లించవలసిన కమీషన్ ఏజెంటు మధ్యలో నలిగిపోతాడు. ఖాతా మారిందని తెలిస్తే, ఆ లేఖలోని నంబరుకు గాక పాత పుస్తకంలోని నంబరుకు ఫోను చేసి అడగడం ఖర్చు లేని మందు.

రెండవది, లెక్కలకు తాళం వేసి సొమ్ము అడిగే వైరస్. 2017 మేలో ప్రపంచాన్ని కుదిపిన వాన్నాక్రై ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లను సైతం వదలలేదు. దానికి విరుగుడు మార్పును మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే విడుదల చేసింది. వేసుకోనివారే ఎక్కువగా దెబ్బతిన్నారు. 2024 జూలై నెలాఖరులో ఒక సాంకేతిక సేవల సంస్థపై ఇటువంటి దాడే జరగ్గా, సుమారు 300 చిన్న బ్యాంకుల చెల్లింపులు స్తంభించాయి.

వెనుకటి గుమాస్తాలు చిట్టా, ఆవర్జా వేర్వేరుగా రాసేవారు. ఇప్పుడు రోజూ సాయంత్రం లెక్కలను వేరే డిస్కులోకి ఎక్కించి, దాన్ని ఊడదీసి బీరువాలో పెట్టాలి. తగిలించి వదిలేస్తే వైరస్ దానికీ తాళం వేస్తుంది. ఆ నకలు తిరిగి తెరుచుకుంటున్నదో లేదో అప్పుడప్పుడు చూసుకోవాలి. ఈ పని చేసేవారు అరుదు.

డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయాలి. ఆలస్యమైతే సొమ్ము చేతులు మారిపోతుంది. దాడి సంగతి 6 గంటల్లో తెలపాలని కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. చిన్న సంస్థలకు ఆ సెప్టెంబరు 25 వరకు గడువిచ్చారు.

సీజన్‌లో గుమాస్తాలకు ఊపిరి సలపదు. యార్డుకు వేసవి సెలవులిచ్చినప్పుడు ఎలాగూ పాత బాకీలు సరిచూస్తారు. పాస్‌వర్డ్‌లు మార్చడానికి అదే అదను.