కంప్యూటరు కట్టి చూడు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. కంప్యూటరు కట్టి చూడు అని మూడోమాట కూడా చేర్చుకోవచ్చునని 2024 వేసవి సెలవుల్లో నాకు తెలిసివచ్చింది.

మావాడు ఇంటర్మీడియెట్ పరీక్షలు రాసి ఇంట్లో వున్నాడు. ఇంజనీరింగులో చేరేముందు కంప్యూటరు కొనిస్తానని రెండేళ్ళకిందట నేనే మాట ఇచ్చాను. పరీక్ష పేపర్లు దిద్దగా వచ్చిన డబ్బూ, మా ఆవిడ చీటీ పాడిన డబ్బూ కలిపితే డెబ్భైవేలయింది. దుకాణానికి పోయి తయారుగా వున్నది ఒకటి తెచ్చుకోవడమే తరువాయి అనుకొన్నాను. వాడు మాత్రం ఒక నోటుబుక్కు తెచ్చి నా ముందు పెట్టాడు.

"నాన్నగారూ, తయారుగా వున్నది వద్దు. భాగాలు కొనుక్కువచ్చి నేనే బిగించుకొంటాను. ఆటలు ఆడుకోవడానికి బాగుండేట్టు లెక్కవేశాను" అన్నాడు.

నా గుండె గుభేలుమంది. మిక్సీ గిన్నె బిగించడానికి కూడా వాణ్ణి నమ్మి ఎరగను. "ఏమన్నా విరిగితే?" అన్నాను. వాడు బదులు చెప్పలేదు. రాత్రి భోజనాలయ్యాక మా ఆవిడే అన్నది: "వాడు పాడుచేస్తాడని కాదండీ మీ భయం. మీకు తెలియని పని వాడికి తెలుసునంటే మీకు మనసొప్పడం లేదు."

ఆ మాట నిజం గనక నాకు కోపం వచ్చింది. మర్నాడు నోటుబుక్కు అడిగి పుచ్చుకొన్నాను.

చదవగా చదవగా నాకు తెలిసిన శాస్త్రమే అందులో కనబడింది. వాక్యానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అని మూడు వుండాలని ఏటేటా పిల్లలకు చెపుతూనే వున్నాను. 'నిప్పుతో తడిపెను' అంటే విడివిడిగా మాటలు మంచివే. ఒకదానితో ఒకటి పొసగక అర్థం చెడింది. యోగ్యత లేకపోవడమంటే అదే.

కంప్యూటరు భాగాల సంగతీ అంతే. మదర్‌బోర్డు మీద ప్రాసెసరు కూర్చునే పీటను సాకెట్టు అంటారు. ఎ.ఎం.డి. వారి ప్రాసెసర్లకు అప్పుడు అంగట్లో రెండు రకాల సాకెట్లు దొరికేవి. పాతది ఎ.ఎం.4, 2022లో వచ్చింది ఎ.ఎం.5. దానిది దీనిలో కూర్చోదు. పాతదానికి డి.డి.ఆర్.4 మెమొరీ, కొత్తదానికి డి.డి.ఆర్.5. మెమొరీ పలక అంచున చిన్న గాటు వుంటుంది. ఆ గాటు రెండు రకాలకూ వేర్వేరు చోట్ల వుండడంచేత, ఒకటి కొనబోయి ఇంకొకటి కొంటే అది బోర్డులో దిగనే దిగదు.

కొత్త సాకెట్టు తీసుకొంటే ముందుముందు ప్రాసెసరు మార్చుకొనే వీలు ఎక్కువ. కాని బోర్డుకూ మెమొరీకీ ఖర్చు పెరిగి, ఆ మేరకు గ్రాఫిక్స్ కార్డులో కోతపడుతుంది. ఆటల కంప్యూటరుకు కార్డే ప్రాణం. తెరమీది బొమ్మలన్నీ గీసేది అదే. అందుచేత మావాడు పాత సాకెట్టుకే మొగ్గి, ఆరు కోర్ల రైజెన్ 5 5600 రాసుకొన్నాడు. మెమొరీ పదహారు జి.బి. ఒకే పలకగా కాక ఎనిమిదేసివి రెండు రాశాడు. ఒక కాలవలో పారే నీటికన్నా రెండు కాలవల్లో పారే నీరు ఎక్కువ కదా!

కార్డు పేరు జీఫోర్స్ ఆర్.టి.ఎక్స్. 4060. మొత్తంలో అయిదింట రెండు వంతులు దానికే. "ఎలాగూ కొంటున్నాం, అప్పో సొప్పో చేసి ఇంకా పెద్దది తీసుకోరాదూ?" అన్నాను, తండ్రి దర్జా పోనీకుండా.

"మన పాత మానిటరు సెకనుకు అరవై బొమ్మలే చూపిస్తుంది నాన్నగారూ. కార్డు నూటయాభై గీసినా దండగే" అన్నాడు. నేను నోరు మూసుకొన్నాను.

తెనాలిలో రాత్రి రైలెక్కి తెల్లవారేసరికి సికింద్రాబాదు చేరాం. పార్కులేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరులో అంతస్తులనిండా కంప్యూటరు దుకాణాలే. ఒక దుకాణదారు మా చీటీ చూసి, "కేబినెట్టుతోపాటు ఎస్.ఎం.పి.ఎస్. ఉచితం సార్, వేరే కొనడమెందుకు?" అన్నాడు. గోడలోని కరెంటును భాగాలకు తగినట్టు మార్చి పంచే పెట్టె అది. ఉచితమనేసరికి నా చెయ్యి అటు సాగింది. మావాడు అడ్డంపడ్డాడు.

"ప్రాసెసరు 65 వాట్లు, కార్డు 115, తక్కినవన్నీ కలిపినా 250 దాటదంటివి గదరా?" అన్నాను.

"బోరు మోటారు ఎత్తుకొనేటప్పుడు ఇంట్లో దీపాలు మసకబారవూ? కార్డు కూడా ఒక్కొక్క క్షణం అలాగే ఎక్కువ లాగుతుంది. పేరూ ఊరూ లేని పెట్టె పేలితే తాను పోవడమే కాదు, పక్కవాటినీ తీసుకుపోవచ్చు. డెబ్భైవేల సామాను దాని చేతిలో పెడతామా?" అన్నాడు. 80 ప్లస్ గుర్తూ, అయిదేళ్ళ వారంటీ వున్న 550 వాట్ల పెట్టె ఇంకో కొట్లో కొన్నాం. ఆ గుర్తు కరెంటు వృథా ఎంత తక్కువో చెపుతుందిగాని పెట్టె గట్టిదని హామీ ఇవ్వదట. అందుకే వారంటీ కూడా చూడాలన్నాడు.

మర్నాడు భోజనాల బల్లమీద పని మొదలయింది. ప్రాసెసరు అడుగున 1331 సన్నని సూదులు. ఒకటి వంగినా ప్రమాదమే. మూలనున్న చిన్న ముక్కోణం గుర్తును సాకెట్టుమీది గుర్తుతో కలిపి, వేలితో నొక్కకుండా వదిలాడు. అది తనంతట తానే దిగి కూర్చుంది. నేనప్పటికి ఊపిరి తీసుకొన్నాను.

సాయంత్రానికి అంతా అయింది. మానిటరు తీగ తగిలించే పని నాకిచ్చాడు. స్విచ్చి వేశాడు. ఫ్యాన్లు తిరిగాయి. తెరమాత్రం నల్లగా వుంది.

అయిదు నిమిషాలు, పది నిమిషాలు. వాడి మొహం పాలిపోయింది. మెమొరీ పలకలు తీసి మళ్ళీ పెట్టాడు. "నే ముందే చెప్పాను" అన్న మాట నా నాలుకమీదకి వచ్చింది. మా ఆవిడ నావంక చూసింది. మింగేశాను.

వాడు పెట్టె వెనక్కి వెళ్ళి వంగి చూశాడు. ఏమీ అనకుండా, నేను బోర్డుకు పెట్టిన తీగను ఊడదీసి కార్డుకు పెట్టాడు. తెర వెలిగింది! ఆ ప్రాసెసరుకు బొమ్మ గీసే శక్తి లేదు. బోర్డుమీద రంధ్రం వున్నా దానిలోంచి ఏమీ రాదు. తీగ పట్టింది గదా అనుకొన్నాను నేను. యోగ్యత చూశానుగాని సన్నిధి చూడలేదు.

ఆ తప్పు వాడే చేసివుంటే నేను ఎన్ని మాటలని వుందునో నాకు తెలుసు. వాడు ఒక్కటీ అనలేదు.

ఇంతలో వంటింట్లోంచి మా ఆవిడ, "మిక్సీ గిన్నె బిగుసుకుపోయింది, ఎవరన్నా ఒకసారి రండి" అని కేకేసింది.

నేను కుర్చీలోంచి లేవలేదు. "నువ్వు వెళ్ళి చూడరా" అన్నాను.