కారు, ట్రాక్టరు జాకీ ఎత్తేటప్పుడు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

నిజాంపేట, బాచుపల్లి, ప్రగతి నగర్ అపార్టుమెంట్లలో ఉంటూ శని, ఆదివారాల్లో ఊరికి వెళ్లి పొలం చూసుకునేవారు ఇప్పుడు చాలామంది ఉన్నారు. వానాకాలంలో బురద దారిన వెళ్లి వచ్చిన కారుకు కింద ఏదో ఒకటి ఊడుతుంది. ఇంజిన్ కింది ప్లాస్టిక్ షీటు వేలాడుతుంది, సైలెన్సర్ బిగింపు వదులవుతుంది, లేదా సెల్లార్‌లో ఎలుకలు వైర్లు కొరికి పెడతాయి. ఆదివారం మెకానిక్ దొరకడు. డిక్కీలో జాకీ ఉంది కదా అని కారు ఎత్తి కిందికి దూరేవారు ఉన్నారు. పురుగు మందులు, ఎరువుల గురించి చెప్పేచోట ఈ సంగతి ఎందుకు అనుకోవద్దు. ఊళ్లో ట్రాక్టరు, ట్రాలీ విషయంలో జరిగేది కూడా ఇదే.

ముందుగా ఒక విషయం స్పష్టంగా తెలుసుకోవాలి. జాకీ ఉన్నది బండిని ఎత్తడానికి మాత్రమే. ఎత్తిన బండిని మోయాల్సింది స్టాండు. జాకీ మీద మాత్రమే నిలబడిన బండి కిందికి తల గానీ, చెయ్యి గానీ, కాలు గానీ పెట్టకూడదు. రెండు నిమిషాల పని అయినా సరే.

కారణం ఇది. వెయ్యి కిలోల చిన్న కారులో ఇంజిన్ ముందు ఉంటుంది కాబట్టి బరువులో సగానికి పైగా ముందు చక్రాల మీదే పడుతుంది. ముందు ఒక మూల ఎత్తితే జాకీ మీద దాదాపు 300 కిలోలు, అంటే ఆరేడు యూరియా బస్తాల బరువు ఉన్నట్టు. కారుతో వచ్చే స్క్రూ జాకీ అడుగు మన అరచేతి కన్నా కొంచెమే పెద్దది. ఇంత బరువు అంత చిన్న అడుగు మీద నిలబడి ఉంటే, మీరు కింద పడుకుని పానాతో నట్టును గట్టిగా లాగిన ఊపుకే జాకీ పక్కకు ఒరిగిపోవచ్చు. అది చక్రం మార్చడానికి ఇచ్చిన పనిముట్టు, అంతవరకే వాడాలి. హైడ్రాలిక్ జాకీ బలమైనదే గానీ, లోపల ఆ బరువంతా నూనె మీద, ఆ నూనెను ఆపే చిన్న సీలు మీద ఆధారపడి ఉంటుంది. సీలు అరిగితే మెల్లగా దిగుతుంది, తెగితే ఒక్కసారిగా దిగుతుంది. ముందుగా హెచ్చరిక ఏమీ ఉండదు.

స్టాండు కొనేటప్పుడు

స్టాండ్లను జతగానే కొనాలి. కనీసం 2 టన్నులవి తీసుకోండి, బొలెరో, ఇన్నోవా వంటి పెద్ద బండ్లు ఉన్నవారు 3 టన్నులవి తీసుకోవడం మంచిది. డబ్బా మీద రాసిన బరువు ఒక్క స్టాండుకా, జతకా అన్నది చదివి చూసుకోవాలి. కాళ్లు వెడల్పుగా, వెల్డింగ్ నిండుగా ఉండాలి. పళ్ల కడ్డీ ఉన్న స్టాండు అయితే పైకి లాగినప్పుడు కొక్కెం పంటిలో పూర్తిగా కూర్చోవాలి, దానికి తోడు అడ్డంగా గుచ్చే పిన్ను కూడా ఉంటే ఇంకా మంచిది. పిన్ను పోయిందని మేకు గుచ్చి వాడకండి.

పేరున్న దుకాణంలో కొన్నాం, ఇక చూడక్కర్లేదు అనుకోవడానికి లేదు. అమెరికాలో హార్బర్ ఫ్రైట్ అనే పనిముట్ల సంస్థ 2020లో తాను అమ్మిన 3 టన్నుల, 6 టన్నుల స్టాండ్లను లక్షల సంఖ్యలో వెనక్కి పిలిపించింది. కొక్కెం పంటిలో సరిగా కూర్చోక, బరువు పక్కకు కదిలినప్పుడు స్టాండు ఒక్కసారిగా కిందికి దిగే అవకాశం ఉందన్నది కారణం. బదులుగా ఇచ్చిన వాటిలో కూడా కొన్నింటికి వెల్డింగ్ లోపం బయటపడి మళ్లీ వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. అందుకే బండిని దించిన ప్రతిసారీ కొక్కెం వైపు కళ్లతో చూడాలి, స్టాండు కొత్తదైనా సరే.

ఇటుకలు, సిమెంటు దిమ్మెలు స్టాండుకు బదులు కావు. బోలు సిమెంటు దిమ్మె గోడలో సమానంగా పరిచిన బరువును మోస్తుంది గానీ, ఒక్క చోట ఇనుము గుచ్చుకుంటే పెటేలున పగులుతుంది. రాళ్లు పేర్చడం అంతకన్నా ప్రమాదం.

ఎక్కడ ఎత్తాలి

అపార్టుమెంటులో ఉన్నవారు ముందు కింద ఏముందో చూడాలి. మన వైపు చాలా అపార్టుమెంట్లలో నీటి సంపు, కొన్నింటిలో సెప్టిక్ ట్యాంకు పార్కింగ్ కిందే కడతారు. ఆ మూతల మీద గానీ, డ్రైనేజీ జాలీల మీద గానీ జాకీ, స్టాండు పెట్టకూడదు. కారు చక్రం దాటినప్పుడు పడే బరువు వేరు, నాలుగు అంగుళాల స్టాండు కాలు కింద గంటసేపు పడే బరువు వేరు. సెల్లార్‌లోకి దిగే ర్యాంపు మీద అసలు వద్దు. కంటికి సమంగా కనిపించినా నీళ్లు పోవడానికి నేలకు వాలు ఇస్తారు. ఒక బాటిల్‌ను అడ్డంగా పడుకోబెట్టి చూడండి, అది దొర్లితే ఆ చోటు మార్చుకోండి. టైల్స్ మీద గ్రీజు, నీళ్లు లేకుండా తుడవాలి. ఇంటర్‌లాక్ ఇటుకలు, మే నెల ఎండకు మెత్తబడిన తారు రోడ్డు మీద స్టాండు కాళ్లు దిగబడతాయి, వాటి కింద 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్క, స్టాండు కన్నా వెడల్పుగా ఉన్నది వేయాలి. నల్లరేగడి నేలలో మాత్రం ఎంత పలక వేసినా నమ్మకం లేదు. పొలంలో టైరు పంక్చర్ అయితే గట్టి బాట వరకు మెల్లగా తెచ్చుకోండి. టైరు పాడైతే పోనివ్వండి.

తర్వాత బండి కదలకుండా చూడాలి. ఇక్కడ ఎక్కువమంది గేరు వేశాం కదా అని ధైర్యంగా ఉంటారు. ట్రాక్టరు నడిపినవారికి ఈ విషయం సులభంగా అర్థమవుతుంది. బురదలో దిగినప్పుడు ఒక చక్రం ఊరికే తిరుగుతూ, రెండోది కదలకుండా ఉండటం మీరు చూసే ఉంటారు, అందుకే డిఫరెన్షియల్ లాక్ తొక్కుతారు. కారులో కూడా అంతే. ముందు చక్రాలతో నడిచే కారులో ముందు ఒక చక్రం గాల్లోకి లేస్తే అది స్వేచ్ఛగా తిరుగుతుంది, కాబట్టి గేరు బండిని పట్టి ఉంచలేదు. హ్యాండ్ బ్రేకు చాలా కార్లలో వెనుక చక్రాలకే పడుతుంది. అంటే వెనుక భాగం ఎత్తితే హ్యాండ్ బ్రేకుతో ఉపయోగం లేదు. కాబట్టి గేరు, హ్యాండ్ బ్రేకు రెండూ వేసి, నేల మీద మిగిలిన చక్రాలకు ముందూ వెనుకా అడ్డుచెక్కలు కొట్టాలి. గుండ్రటి రాయి పనికిరాదు, ఏటవాలుగా కోసిన చెక్క కావాలి. ఆటోమేటిక్ బండ్లయితే పి లో పెట్టాలి. లోపల ఎవరూ కూర్చోకూడదు. తాళం చెవి మీ జేబులో ఉండాలి.

ఎత్తే పద్ధతి

చక్రం విప్పేది ఉంటే, నట్లను చక్రం నేల మీద ఉండగానే పావు చుట్టు వదులు చేయాలి. బండి ఎత్తాక గట్టి నట్టును లాగితే బండే కదులుతుంది.

జాకీ ఎక్కడ పెట్టాలో కారుతో ఇచ్చిన పుస్తకంలో బొమ్మ ఉంటుంది. ఎక్కువ కార్లలో ముందు చక్రానికి కొంచెం వెనుక, వెనుక చక్రానికి కొంచెం ముందు, తలుపుల కింది అంచులో రెండు గాట్లు కనిపిస్తాయి, వాటి మధ్యనే జాకీ ఆనాలి. ఆయిల్ సంపు, పలుచని ఫ్లోరు రేకు, పెట్రోలు ట్యాంకు, ప్లాస్టిక్ మీద ఎప్పుడూ పెట్టరాదు. ఎలక్ట్రిక్ కార్లు ఉన్నవారు మరీ జాగ్రత్తగా ఉండాలి, వాటిలో బ్యాటరీ ఫ్లోరు కిందే ఉంటుంది. సూచించిన చోట తప్ప ఇంకెక్కడా జాకీ ఆనించకూడదు.

ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. జాకీ పెట్టే చోటూ స్టాండు పెట్టే చోటూ ఒకటే అయితే రెండూ ఎలా పడతాయి? ట్రాలీ జాకీ ఉన్నవారు, పుస్తకంలో చూపించి ఉంటే, ముందు మధ్యలోని అడ్డ దూలం కింద ఎత్తి, స్టాండ్లను రెండు పక్కల గాట్ల కింద పెట్టవచ్చు. లేదా గాటు దగ్గర ఎత్తి, పక్కనే ఉన్న మందపాటి ఛాసిస్ దూలం కింద స్టాండు పెట్టాలి. బొలెరో లాంటి బండ్లలో ఆ దూలం స్పష్టంగా కనిపిస్తుంది. అటువంటి గట్టి చోటు మీకు కచ్చితంగా కనిపించకపోతే ఆ పని ఇంట్లో చేయవద్దు, మెకానిక్‌కు ఇచ్చే రెండు, మూడు వందలు దండగ కాదు.

ట్రాలీ జాకీ చక్రాలకు మాత్రం అడ్డు పెట్టకండి. దాని చెయ్యి పైకి లేస్తూ వంపు తిరుగుతుంది, అందుకు తగ్గట్టు జాకీ కొద్దిగా దొర్లాలి. దొర్లకపోతే ఆనిన చోటు జారుతుంది.

ఒక పక్క అవసరమైనంతే ఎత్తి, స్టాండు పెట్టి, జాకీని మెల్లగా వదిలి బరువును స్టాండు మీదికి దించాలి. ఒక్కసారిగా వదలకూడదు. మూడు కాళ్లైనా, నాలుగైనా అన్నీ నేలకు ఆనాయా, కొక్కెం కూర్చుందా చూసి అప్పుడు రెండో పక్కకు వెళ్లాలి. రెండో పక్క లేస్తున్నప్పుడు మొదటి స్టాండు వంగుతుందేమో ఇంకొకరు దూరం నుంచి చూస్తూ ఉండాలి. రెండు స్టాండ్లూ ఒకే ఎత్తులో ఉండాలి. నాలుగు చక్రాలూ ఒకేసారి గాల్లోకి లేపడం ఇంటి పని కాదు.

కిందికి దూరే ముందు, బయట నిలబడి బానెట్ పక్కన చేత్తో బండిని ఊపి చూడండి. పడిపోయేదైతే అప్పుడే పడాలి. జాకీని తీసేయకుండా, దాని తల తగిలీ తగలనట్టు అక్కడే ఉంచండి. విప్పిన చక్రాన్ని మీరు పనిచేసే చోటుకు దగ్గరగా అంచు కింద పడుకోబెట్టండి. స్టాండు జారినా ఆ చక్రం మనిషి పట్టేంత సందు ఉంచుతుంది. దీనికి ఖర్చేమీ లేదు, అయినా చేసేవారు తక్కువ. ఒంటరిగా చేయకండి, పిల్లలను దగ్గరకు రానివ్వకండి.

ట్రాక్టరు విషయం

ట్రాక్టరు ముందు ఇరుసు మధ్యలో ఒక్క పిన్ను మీద అటూ ఇటూ ఊగేలా ఉంటుంది, గట్ల మీద నడవడానికి. వెనుక భాగాన్ని గేరుబాక్సు కింద మధ్యలో ఎత్తితే ముందూ ఒక్క చోటే, వెనుకా ఒక్క చోటే బరువు నిలుస్తుంది, అది కత్తి మీద నిలబడినట్టే. కేజీ వీల్స్ ఎక్కించడానికైనా, క్లచ్ పనికైనా ముందు ఇరుసుకూ పైనున్న బాడీకీ మధ్య రెండు పక్కలా గట్టి చెక్క మేకులు కొట్టి ఊగకుండా చేయాలి. ఒకసారి ఒక చక్రమే ఎత్తాలి. ట్రాక్టరు బ్రేకులు వెనుక చక్రాలకే కాబట్టి ముందు చక్రాలకు అడ్డుచెక్కలు తప్పనిసరి. వెనుక టైరులో నీళ్లు నింపి ఉంటే నీళ్ల బరువే వంద కిలోలు దాటుతుంది, ఆ చక్రాన్ని ఒక్కరే విప్పి ఆపలేరు.

రోటవేటర్‌లో చుట్టుకున్న గడ్డి తీయడానికి దాన్ని లిఫ్టుతో పైకి లేపి కింద కూర్చునే అలవాటు చాలా ఊళ్లలో ఉంది. ఇంజిన్ ఆపినా, లివర్‌కు పిల్లవాడి చెయ్యి తగిలినా, పైపు పగిలినా అది దిగుతుంది. నేలకు దించి, ఇంజిన్ ఆపి, పీటీవో విడదీసి గడ్డి తీయాలి. కింది నుంచే బ్లేడ్లు మార్చాల్సి వస్తే రోటవేటర్ ఫ్రేము కింద స్టాండ్లు పెట్టి వాటి మీదికి దించాలి. టిప్పింగ్ ట్రాలీ తొట్టి ఎత్తి కింద గ్రీజు పెట్టేవారు కూడా తొట్టికీ ఛాసిస్‌కూ మధ్య ఇనుప ఊతం నిలబెట్టి, తొట్టిని దాని మీదికి ఆనించాకే చెయ్యి పెట్టాలి. ఊతం ట్రాలీతో పాటు రాకపోతే వెల్డింగ్ షాపులో చేయించుకుని ట్రాలీకే గొలుసుతో కట్టి ఉంచండి.

ఎవరైనా బండి కింద చిక్కుకుంటే 108కు ఫోన్ చేయమని ఒకరికి చెప్పి, మిగిలినవారు ఇంకో జాకీతో ఎత్తాలి. ఇంజిన్ స్టార్టు చేసి బండిని కదపకూడదు, మనిషిని పట్టి లాగకూడదు. ఛాతీ నలుగుతుంటే ఆలస్యం చేయకుండా ఎత్తి, దిగకుండా చెక్కలు పెట్టుకుంటూ పోవాలి. కాలో చెయ్యో చాలాసేపు నలిగి ఉంటే, మనిషి మాట్లాడుతూ ఉంటే, ఎత్తే ముందు 108 సిబ్బంది సలహా అడగండి.

పని అయ్యాక కింద పానాలు, గుడ్డలు ఏవీ లేవని చూసి, జాకీతో ఎత్తి స్టాండ్లు తీసి, మెల్లగా దించాలి. చక్రం నట్లను ఒకదాని తర్వాత పక్కది కాకుండా ఎదురెదురుగా బిగించుకుంటూ రావాలి. ఆఖరి బిగింపు చక్రం నేలకు ఆనాకే వేయాలి. ఊరికి వెళ్లి వచ్చాక, అంటే ఓ 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక, పానా పెట్టి మరోసారి చూసుకోండి.