వయసును బట్టి కుంపటి

జనగణన లెక్కలో ఒక కుటుంబం ఎక్కడ ముగిసి మరొకటి ఎక్కడ మొదలవుతుందో తేల్చేది వంటిల్లు. సాధారణంగా కలిసి ఉంటూ ఒకే వంటింట్లో వండినది తినేవారందరినీ గణకులు ఒక కుటుంబంగా రాసుకుంటారు. వారి మధ్య రక్తసంబంధం ఉండి తీరాలన్న నియమం కూడా లేదు. అన్నదమ్ములు విడిపోతే 'వేరు కుంపటి పెట్టుకున్నారు' అనే తెలుగువారికి ఈ నిర్వచనాన్ని ఎవరూ కొత్తగా నేర్పనక్కరలేదు.

అయితే చిన్న పట్టణాల్లో, అంటే మునిసిపాలిటీ ఉన్న ఊళ్లలోనూ, కనీసం 5,000 జనాభా, చదరపు కిలోమీటరుకు 400 మంది జనసాంద్రత ఉండి, పురుష శ్రామికుల్లో నూటికి 75 మంది వ్యవసాయేతర పనుల్లో ఉన్నందువల్ల జనగణన పట్టణాలుగా గుర్తించిన ఊళ్లలోనూ, ఈ నిర్వచనం చిత్రమైన ఫలితాలనిస్తుంది. కింది వాటాలో తల్లిదండ్రులు, మేడమీద కొడుకూ కోడలూ కాపురముండే ఇంట్లో, స్థలం తండ్రి పేరు మీదే ఉన్నా, బోరు మోటారు ఒకటే అయినా, పొయ్యిలు రెండైతే రాతలో కుటుంబాలు రెండు. పొద్దున మెట్లెక్కి వెళ్లిన పప్పు గిన్నె సాయంత్రం పులుసుతో దిగివచ్చినా లెక్క మారదు.

సామాజిక శాస్త్రవేత్త ఐ.పి. దేశాయ్ గుజరాత్‌లోని మహువా అనే చిన్న పట్టణంలో కుటుంబాలను పరిశీలించి 1964లో వెలువరించిన గ్రంథంలో, ఉమ్మడితనాన్ని నివాసంతో మాత్రమే కొలవరాదని, ఆస్తి, పరస్పర బాధ్యతలు ఎంతవరకు కలిసి ఉన్నాయో కూడా చూడాలని వాదించారు. అంతకు ముందే, 1955లో, హైదరాబాదుకు సమీపంలోని శామీర్‌పేట మీద పుస్తకం ప్రచురించిన ఎస్.సి. దూబే, ఉమ్మడి కుటుంబాన్ని ఆదర్శంగా చెప్పుకునే ఆ ఊళ్లోనే కొడుకులు పెళ్లయిన కొన్నేళ్లకే వేరుపడుతున్న సంగతిని నమోదు చేశారు. ఒకప్పుడు అందరూ కలిసే ఉండేవారన్న మాట ఎంత తరచుగా వినిపించినా, దానికి పునాది అంత గట్టిది కాదు.

మానవశాస్త్రజ్ఞులు 'గృహ వికాస చక్రం' అని పిలిచే భావన ఇక్కడ అక్కరకు వస్తుంది. ఒక ఇల్లు పెళ్లిళ్లతో పెరిగి, వేరుపడటాలతో చీలి, మరణాలతో కుంచించుకుపోయే క్రమమే ఆ చక్రం. ఉమ్మడి కుటుంబం, దంపతులూ పెళ్లికాని పిల్లలూ మాత్రమే ఉండే వ్యష్టి కుటుంబం అన్నవి ఒకే ఇంటికి వేర్వేరు కాలాల్లో పట్టే రూపాలు. ఇరవైలలోని అవివాహితుడు తల్లిదండ్రుల వంటింటి మనిషి కాగా, అదే వయసు ఆడపిల్ల చాలావరకు అప్పటికే అత్తవారింటి లెక్కలో చేరి ఉంటుంది. ముప్పైలలో, ముఖ్యంగా తమ్ముడి పెళ్లయ్యాక, అన్న వేరుపడతాడు. నలభైలలో సొంత పిల్లలతో వ్యష్టి కుటుంబానికి పెద్ద అవుతాడు. యాభై దాటాక కోడలు రాగానే ఆ ఇల్లే మళ్లీ ఉమ్మడి అవుతుంది. వృత్తి ఈ క్రమాన్ని కొంత సవరిస్తుంది: చేనేత ఇళ్లలో గుంట మగ్గం మీద ఒకరు కూర్చుంటే కండెలు చుట్టడానికి ఒకరు, పడుగు సాగదీసి సరిచేయడానికి మరి కొందరు కావాలి గనుక, తండ్రీ కొడుకులు విడిపోవడం పనికే నష్టం. జగిత్యాల, కోరుట్ల ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వెళ్లిన వారి సంగతి వేరు. భార్యాపిల్లలు అత్తమామల దగ్గరో, పుట్టింట్లోనో, అద్దె వాటాలోనో ఉండగా, ఇంటికి డబ్బు పంపే మనిషే ఆ ఇంటి లెక్కలో కనిపించడు.

2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కుటుంబానికి సగటున నలుగురే ఉండగా, దేశమంతటికీ ఆ సగటు దాదాపు ఐదుగురు. ఈ తేడాను కుటుంబాలు చీలిపోయాయనడానికి రుజువుగా చూపడం తొందరపాటు, ఎందుకంటే ఇందులో పెద్ద భాగం పిల్లలు తగ్గడం వల్ల వచ్చిందే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక స్త్రీకి జీవితకాలంలో కలిగే పిల్లల సగటు ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8, జనాభా తరిగిపోకుండా నిలవడానికి కావలసింది 2.1. నలుగురు కొడుకులున్న కాలంలో ముగ్గురు వేరుపడినా నాలుగోవాడి వంటింట్లో ముసలివారికి చోటుండేది; ఉన్న ఒక్క కొడుకూ హైదరాబాదుకో డాలస్‌కో వెళితే, ఏ తగాదా లేకుండానే డెబ్బై ఏళ్ల దంపతులు ఇద్దరే ఒక కుటుంబంగా మిగులుతారు. కూతురి దగ్గర ఉండటానికి ఇంకా మొగమాటపడేవారున్నారు. ఇల్లరికపు అల్లుడిని చేసుకునే ఆచారమున్న నేల మీద ఇది కాస్త వింతే. చట్టం మాత్రం ముందే నడిచింది: అప్పటికి పెళ్లి కాని కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటాను ఆంధ్రప్రదేశ్ 1986లోనే ఇవ్వగా, కేంద్రం 2005లో కుమార్తెలకు ఆ హక్కు కల్పించింది.

అరవై దాటిన వయసులో స్త్రీ పురుషుల దారులు విడిపోతాయి. భర్తలు వయసులో పెద్దవారు కావడం, స్త్రీల ఆయుర్దాయం ఎక్కువ కావడం వల్ల, వృద్ధుల్లో భార్య తోడు ఉన్న పురుషులు ఎక్కువ, భర్త లేని స్త్రీలు ఎక్కువ. 2007 నాటి వయోవృద్ధుల పోషణ చట్టం ప్రకారం ట్రిబ్యునల్ నెలకు 10,000 రూపాయల వరకు ఇప్పించగలదు గాని, పెద్దల పంచాయితీలో తేలేది సాధారణంగా డబ్బు కంటే వంతు. ఇద్దరు కొడుకుల మధ్య నెలకొక వంతున తిరిగే తల్లి, మందుల డబ్బా, రెండు చీరలున్న సంచితో వీధి దాటి వెళుతుంది. గణకుడు వచ్చిన నెలలో ఎవరి వంతు నడుస్తుంటే ఆ ఇంటి కాగితంలో ఆమె పేరు పడుతుంది.